సంప్ నుంచి గ్లాసు దాకా: బెంగళూరులో మీ ఇంటి నీళ్లను మీరే పరీక్షించుకునే పద్ధతి

వంటింట్లో ఆర్‌ఓ మిషన్ ఉండగానే మా చిన్నవాడికి కామెర్లు వచ్చాయి. డాక్టరు గారు రక్తపరీక్ష కాగితం చూసి, "హెపటైటిస్ ఏ. నీళ్ల వల్లో తిండి వల్లో వస్తుంది. ఇంట్లో ఏ నీళ్లమ్మా?" అని అడిగారు. "ఆర్‌ఓ నీళ్లే సార్" అని ధైర్యంగా చెప్పాను. ఇంటికొచ్చి కూర్చున్నాక ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. వాడు పొద్దున్నే పుక్కిలించేది బాత్రూమ్ కుళాయి నీళ్లు. నేను కొత్తిమీర కడిగేది సింకు కుళాయి కింద. ఆడుకుని వచ్చి దోసిలి పట్టి గటగటా తాగేది కూడా ఆ కుళాయి దగ్గరే.

ఆ వారంలోనే సంప్ తెరిపించాం. కడగడానికి వచ్చినతను టార్చి వేసి, "అక్కా, ఈ మూల చూడండి" అన్నాడు. గోడకి వెంట్రుకంత పగులు, దాని చుట్టూ అరచేయంత నల్లటి చెమ్మ. గోడకి అటువైపు ఆరడుగుల దూరంలో డ్రైనేజీ చాంబర్ ఉంది. పిల్లవాడు నెల రోజులు బడి మానేసి మంచం మీద ఉన్నాడు. వాడికి తగ్గింది కానీ, ఆ మచ్చ నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది.

మాది హిందూపురం. ట్యాంకర్ దగ్గర బిందెలు పెట్టి లైన్లో నిలబడి పెరిగినదాన్ని. నీళ్లు దొరకకపోవడం ఎలా ఉంటుందో తెలుసు గానీ, దొరికిన నీళ్లు ఎక్కడ చెడతాయో బెంగళూరు వచ్చాకే నేర్చుకున్నాను. అప్పటి నుంచి మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల పనంతా నేనే చూస్తున్నాను. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం, బెళ్లందూరు వైపు ఉండే మనవాళ్లు ఎక్కువగా అడిగేది "అక్కా, ఏ ఫిల్టర్ కొనమంటారు?" అని. ఆ ప్రశ్నకి జవాబు చివర్లో వస్తుంది. నీళ్లు ఏ చోట చెడుతున్నాయో ముందు కనిపెట్టాలి. అది తెలియకుండా కొన్న ఫిల్టర్ మా ఇంట్లో పిల్లవాణ్ని కాపాడలేదు.

1. మీ ఇంటికి వచ్చే నీళ్లు ఏవో తేల్చుకోండి

బెంగళూరులో ఒకే కుళాయిలో మూడు రకాల నీళ్లు కలిసి రావచ్చు. కావేరి, బోరు, ట్యాంకర్. చాలా అపార్ట్‌మెంట్లలో ఈ మూడూ ఒకే సంప్‌లో పడతాయి. సోమవారం తాగిన నీళ్లూ గురువారం తాగిన నీళ్లూ ఒకటి కాకపోవచ్చు.

ఈ ఊరికి దగ్గర్లో పెద్ద నది లేదు. 1896లో హెసరఘట్ట చెరువు నుంచి, 1933 తర్వాత తిప్పగొండనహళ్లి జలాశయం నుంచి నీళ్లు తెచ్చుకున్నారు. 1974లో కావేరి మొదటి దశ వచ్చింది. మండ్య జిల్లాలో తొరెకాడనహళ్లి దగ్గర శుద్ధి చేసిన నీళ్లని సుమారు వంద కిలోమీటర్లు, మధ్యలో హారోహళ్లి, తాతగుణి దగ్గర మళ్లీ పంపు చేసుకుంటూ ఎత్తుకి తోడి తెస్తారు. 2024 అక్టోబర్‌లో ఐదో దశ మొదలైంది. రోజుకి 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యం. నగరపాలికలో తర్వాత కలిసిన 110 గ్రామాల కోసం కట్టింది అది. మహదేవపుర, వర్తూరు వైపు మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లు చాలావరకు ఆ గ్రామాలే. కాబట్టి "ఈ ఏరియాకి కావేరి రాదు" అని ఎప్పుడో విన్న మాట పట్టుకుని కూర్చోకండి. మళ్లీ కనుక్కోండి.

కనుక్కోవడం తేలికే. జలమండలి (బెంగళూరుకి నీళ్లిచ్చే ప్రభుత్వ సంస్థ, బీడబ్ల్యూఎస్ఎస్‌బీ) నుంచి ఆర్ఆర్ నంబర్, అంటే కనెక్షన్ నంబర్ ఉన్న నీళ్ల బిల్లు వస్తోందా అని ఓనర్‌నో అసోసియేషన్‌నో అడగండి. వస్తుంటే కావేరి కనెక్షన్ ఉన్నట్టు. వారంలో ఏ రోజు, ఎన్ని గంటలు వదులుతారో వాచ్‌మన్‌కి కచ్చితంగా తెలుస్తుంది. ఎండాకాలంలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు దిగుతాయో కూడా ఆయన్నే అడగండి. అద్దె ఇల్లు చూడటానికి వెళ్లినవాళ్లు ఈ మూడు ప్రశ్నలూ అడ్వాన్స్ ఇవ్వకముందే అడగాలి. ఇచ్చాక అడిగితే జవాబు మారిపోతుంది.

కాగితం లేకపోయినా వంటింట్లో కొంత తెలిసిపోతుంది. కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటే, సబ్బు నురగ రాకపోతే, గిన్నెల మీద తెల్లటి పొర కడుతుంటే అవి గట్టి నీళ్లు, అంటే బోరు నీళ్లో బోరు నుంచి నింపిన ట్యాంకరో. కావేరి నీళ్లు మెత్తగా ఉంటాయి.

2. నీళ్లు వచ్చే దారి వెంట మీరూ నడవండి

ఒక ఆదివారం పొద్దున అరగంట చాలు. కాగితం, పెన్సిల్ పట్టుకుని రోడ్డు మీద మీటర్ దగ్గర మొదలుపెట్టి సంప్, మోటారు, పైన ట్యాంకు, మీ కుళాయి దాకా గీత గీయండి. డ్రైనేజీ చాంబర్లు, సెప్టిక్ ట్యాంకు, ఎస్‌టీపీ (మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు) ఎక్కడున్నాయో అదే కాగితం మీద గుర్తు పెట్టండి. నీళ్ల గీత ఆ గుర్తులకి ఎక్కడ దగ్గరికొస్తుందో అదే మీ అనుమానపు చోటు.

శుద్ధి కేంద్రంలో బాగున్న నీళ్లు ఇంటికొచ్చేసరికి ఎందుకు చెడతాయో అర్థం చేసుకుంటే ఈ నడక దేనికో తెలుస్తుంది. మన దగ్గర నీళ్లు ఇరవై నాలుగు గంటలూ రావు. చాలా చోట్ల రోజు విడిచి రోజు, కొన్ని గంటలే వస్తాయి. పైపు నిండా నీళ్లు ఒత్తిడితో ఉన్నంతసేపు, పగులున్నా నీళ్లు బయటికే కారతాయి. వదలడం ఆపేశాక పైపు ఖాళీ అవుతూ లోపలికి పీల్చుకుంటుంది. ఆ పగులు పక్కన మురికి కాలువ తడి ఉంటే అదే లోపలికి పోతుంది. ఎవరైనా మీటర్ లైనుకే నేరుగా మోటారు పెట్టి గుంజితే ఈ పీల్చుడు ఇంకా ఎక్కువవుతుంది. అది చట్టానికీ విరుద్ధం, వీధి మొత్తానికీ ప్రమాదం. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురికంతా మొదటి ధారలో వస్తుంది. అందుకే కావేరి వచ్చిన మొదటి పది నిమిషాల నీళ్లు సంప్‌లో పడకుండా బయటికి వదిలే వాల్వ్ ఒకటి పెట్టించుకోండి. ఆ నీళ్లతో వాకిలి కడుక్కోవచ్చు.

సంప్ దగ్గర చూడాల్సినవి ఇవి. మూత నేల కన్నా ఎత్తుగా ఉందా? కార్ పార్కింగ్‌లో నేలకి సమంగా ఉన్న మూత అయితే వాన నీళ్లు, కారు కడిగిన నీళ్లు లోపలికే పోతాయి. మూత చుట్టూ కనీసం ఆరంగుళాల గట్టు కట్టించాలి. పైన ట్యాంకు మూత సరిగ్గా కూర్చుంటోందా, లేక ఇటుక పెట్టి ఆపారా? ఓవర్‌ఫ్లో పైపుకి జాలీ ఉందా? జాలీ లేని పైపులోంచి బల్లులు, పావురం ఈకలు లోపల పడటం నేను కళ్లారా చూశాను.

కొత్త అపార్ట్‌మెంట్లలో ఇంకో సంగతి. ఫ్లష్‌కి ఎస్‌టీపీలో శుద్ధి చేసిన నీళ్లు వేరే లైన్లో వస్తాయి. ఇల్లు మార్పులు చేయించినప్పుడు ప్లంబర్ పొరపాటున ఈ రెండు లైన్లూ కలిపేస్తే ఎవరికీ తెలియదు. కనిపెట్టడానికి ఒక ఉపాయం ఉంది. అసోసియేషన్‌తో చెప్పి ఎస్‌టీపీ నీళ్ల ట్యాంకులో తినే రంగు కలపండి. మర్నాడు ఫ్లష్‌లో తప్ప ఇంకెక్కడా ఆ రంగు కనిపించకూడదు.

3. మూడు చోట్ల, మూడు చిన్న పరీక్షలు

ఈ పనికి మూడు వస్తువులు కావాలి. టీడీఎస్ మీటర్, క్లోరిన్ చూసే చుక్కల మందు కిట్, హెచ్‌టూఎస్ సీసాలు. మూడూ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పెద్ద ఖర్చేమీ కాదు. మూడింటినీ మూడు చోట్ల వాడాలి. రోడ్డు మీద నీళ్ల మీటర్ దగ్గర నేరుగా వచ్చే నీళ్లు, సంప్ నీళ్లు, మీ ఇంటి కుళాయి నీళ్లు. చోటు మారినప్పుడు ఫలితం ఎక్కడ మారిందో, చెడు అక్కడే ఉంది.

ముందు కన్ను, ముక్కు. గాజు గ్లాసులో పట్టి తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. పాలలా తెల్లగా వచ్చి నిమిషంలో కింద నుంచి తేటపడితే అది గాలి, భయం లేదు. అడుగున ఎర్రటి మడ్డి దిగితే ఇనుము. కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే మురుగు కలిసినట్టు అనుమానించాలి. లోతు బోరు నీళ్లలో ఆ వాసన సహజంగానూ ఉండొచ్చు గానీ, నిన్న లేని వాసన ఇవాళ వస్తే తాగడం వెంటనే ఆపేయండి. కొద్దిగా బ్లీచింగ్ వాసన వస్తే మాత్రం కంగారు పడకండి. అది మన మేలుకే ఉంది.

క్లోరిన్ పరీక్షకి నిమిషం పడుతుంది. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి రెండు మూడు చుక్కల మందు వేస్తే పసుపు రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే క్లోరిన్ అంత. మందు చేతికి అంటకుండా చూసుకోండి, పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మీటర్ దగ్గర పసుపు వచ్చి సంప్‌లో ఏ రంగూ రాకపోతే మీ సంప్‌లో ఏదో ఆ క్లోరిన్‌ని తినేస్తోంది. మడ్డి కావచ్చు, మురుగు కావచ్చు, నీళ్లు రోజుల తరబడి నిలవ ఉండటం కావచ్చు. మీటర్ దగ్గరే రంగు రాకపోతే తేడా రోడ్డు మీద పైపులో ఉంది, అది జలమండలి పని. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి అక్కడ ఈ పరీక్షతో పని లేదు.

ఇక హెచ్‌టూఎస్ సీసా. అందరి ఇంట్లో ఉండి తీరాల్సింది ఇదే. 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు మన పల్లెల కోసం తయారు చేసిన పద్ధతి. సీసాలో మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. పేగుల్లో బతికే రకం సూక్ష్మజీవులు నీళ్లలో ఉంటే అవి వదిలే వాయువుతో నీళ్లు నల్లబడతాయి. మా ఇంట్లో మొదటిసారి చేసినప్పుడు సంప్ నీళ్లు రాత్రి ఎనిమిదింటికి సీసాలో పోసి ఫ్రిజ్ మీద పెట్టాను. పడుకునే ముందు చూస్తే లేత గోధుమ రంగు. పొద్దున పాల ప్యాకెట్ తీయడానికి లేచి చూస్తే తారు పోసినట్టు నల్లగా ఉంది. ఆ రోజు మా అంతస్తులో నాలుగిళ్ల వాళ్లనీ పిలిచి చూపించాను. అప్పటిదాకా "సంప్ బాగుచేయడానికి అంత ఖర్చా" అన్నవాళ్లు ఆ సీసా చూశాక మారు మాట్లాడలేదు.

సరిగ్గా చేసే విధానం ఇదీ. చేతులు సబ్బుతో కడుక్కోండి. కుళాయి మూతిని స్పిరిట్ ముంచిన దూదితో తుడిచి, రెండు నిమిషాలు నీళ్లు వదిలేయండి. మూత లోపలి వైపు వేలు తగలనివ్వకుండా గీత దాకా నింపి బిగించండి. సీసా మీద చోటు, తేదీ, సమయం రాయండి. వెచ్చని చోట, నీడలో ఉంచండి. బెంగళూరు చలికి డిసెంబర్, జనవరిలో ఆలస్యంగా నల్లబడుతుంది కాబట్టి ఫ్రిజ్ పైన వెనక వైపు పెట్టడం మంచిది. 48 గంటలు చూడండి. ఒక్క రోజులోనే నల్లబడితే కలుషితం ఎక్కువ ఉన్నట్టు. గంధకం ఉన్న బోరు నీళ్లలో ఒక్కోసారి ఊరికే నల్లబడొచ్చు, అలాంటప్పుడు ల్యాబ్‌లో తేల్చుకోవాలి. పరీక్ష అయ్యాక సీసాలో బ్లీచింగ్ పోసి కాసేపు ఉంచి పారేయండి, పిల్లలకి అందనివ్వకండి.

టీడీఎస్ మీటర్‌ని చివరికి ఉంచడానికి కారణం ఉంది. ఆర్‌ఓ అమ్మేవాళ్లు ఇంటికొచ్చి ముందు తీసేది దాన్నే. అది నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చెబుతుంది, అంతే. మురుగు కలిసిన కావేరి నీళ్లలో పెట్టినా 250 అని చూపించి ఊరుకుంటుంది. కలరా క్రిములూ టైఫాయిడ్ క్రిములూ ఆ మీటర్‌కి కనపడవు. అయినా ఒక ఉపయోగం ఉంది. రోజూ 200 ప్రాంతంలో చూపించేది ఒక రోజు 900 చూపిస్తే ఎవరో ట్యాంకర్ దింపించారని తెలిసిపోతుంది.

4. ఏడాదికి ఒకసారి ల్యాబ్

ఇంటి పరీక్షలకి అందనివి కొన్ని ఉన్నాయి. బెంగళూరు బోర్లలో తరచూ బయటపడే సమస్య నైట్రేట్. మురుగు భూమిలోకి ఇంకడం దానికి పెద్ద కారణం. రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. ప్రమాణం ప్రకారం లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, అంతకు మించి సడలింపు లేదు. ఆరు నెలల లోపు పసిబిడ్డకి పాలపొడి కలిపే నీళ్లలో ఇది ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మోయలేక బిడ్డ ఒళ్లు నీలమవుతుంది. బాలింతలున్న ఇళ్లలో బోరు నీళ్లు వాడుతుంటే ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయించండి. కాచితే పోతుందిలే అనుకోవద్దు. కాచినకొద్దీ నీళ్లు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది.

ఫ్లోరైడ్ కూడా అంతే, కాచినా పోదు. నల్గొండ, అనంతపురం వాళ్లకి దాని సంగతి చెప్పక్కర్లేదు. కోలారు, చిక్కబళ్లాపుర వైపు కూడా ఆ బాధ ఉంది. 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్‌కి లీటరుకి 500 మిల్లీగ్రాములు మంచి హద్దు, వేరే నీళ్లు దొరకనప్పుడు 2,000. మొత్తం గట్టిదనం 200, దొరకనప్పుడు 600. మలంతో నీళ్లలోకి వచ్చే ఈ-కోలి అనే బ్యాక్టీరియా మాత్రం వంద మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు.

ఎన్ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి వెళ్లి "తాగునీటికి సూక్ష్మజీవుల పరీక్ష, రసాయన పరీక్ష రెండూ కావాలి" అని అడగండి. ఒక్క రసాయన పరీక్ష చేయించుకుని రిపోర్టు బాగుందని మురిసిపోయినవాళ్లని చూశాను. సూక్ష్మజీవుల పరీక్షకి సీసా వాళ్లే ఇస్తారు. అందులో కనిపించే కొద్దిపాటి పొడి క్లోరిన్‌ని విరిచేందుకు వేసింది, కడిగేయకండి. నింపాక ఐసు డబ్బాలో పెట్టి కొద్ది గంటల్లో అందించాలి. శనివారం సాయంత్రం పట్టి సోమవారం ఇస్తే ఆ రిపోర్టుకి విలువ లేదు.

5. సంప్, ట్యాంకు కడిగించడం

ఆరు నెలలకి ఒకసారి, వానలకి ముందు ఒకటి తప్పనిసరిగా. లోపలికి దిగే మనిషి ప్రాణం ముందు చూడాలి. మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, మోటారు కరెంటు మెయిన్ దగ్గరే ఆపాలి, ఒంటరిగా ఎవర్నీ దింపకూడదు, పైన ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. లోపలికి పెట్రోలు పంపు దింపొద్దు, దాని పొగే మనిషిని చంపుతుంది. బాత్రూమ్ యాసిడ్‌తో కడుగుతామంటే ఒప్పుకోవద్దు. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే విషవాయువు వస్తుంది.

మడ్డి ఎత్తి, గోడలు బ్రష్‌తో రుద్ది, కడిగి, నీళ్లు తోడేశాక గోడలు ఆరిన తర్వాతే అసలు పరీక్ష. ఒక గంట ఆగి టార్చి వేసి చూడండి. ఎక్కడైనా మళ్లీ చెమ్మ ఊరుతోందా? ఊరితే బయటి తడి లోపలికి వస్తున్నట్టే. అది మూయించకుండా ఎన్నిసార్లు కడిగినా దండగ.

ఆ తర్వాత బ్లీచింగ్. లెక్క చూడండి. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. పాత, గడ్డకట్టిన డబ్బా పనికిరాదు. వెయ్యి లీటర్ల ట్యాంకుకి 150 గ్రాముల పౌడర్ వేస్తే లీటరుకి 50 మిల్లీగ్రాములు అవుతుంది. పౌడర్‌ని నేరుగా ట్యాంకులో వేయకండి. బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకి దిగేదాకా అరగంట ఉంచి, పైన తేట మాత్రమే నింపిన ట్యాంకులో పోయండి. ప్రతి కుళాయి తిప్పి బ్లీచింగ్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి. పైపులు కూడా శుభ్రపడాలి కదా. రాత్రంతా అలా ఉంచి పొద్దున మొత్తం వదిలేయండి. ఫిల్టర్ మిషన్‌కి వెళ్లే వాల్వ్ మాత్రం ముందే కట్టేయాలి, లేకపోతే ఆర్‌ఓ పొర పాడైపోతుంది. ఆ రాత్రి కుళాయి నీళ్లు ఎవరూ తాగకూడదని ఇంటింటికీ వెళ్లి చెప్పండి, వాట్సాప్‌లో పెట్టి ఊరుకోకండి.

మీ సంప్‌లో ఎన్ని లీటర్లు పడతాయో తెలియకపోతే పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో కొలిచి, మూడూ గుణించి, 28.3తో మళ్లీ గుణించండి. 8 అడుగులు, 6 అడుగులు, 5 అడుగులైతే సుమారు 6,800 లీటర్లు. ఈ సంఖ్య సంప్ మూత మీద పెయింట్‌తో రాయించుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

6. ట్యాంకర్, క్యాన్

2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం ఊరంతా పడిన పాట్లు మరిచిపోయేవి కావు. ఆ మార్చిలో జిల్లా యంత్రాంగం ధరలు కూడా నిర్ణయించింది. ఐదు కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకి 600 రూపాయలు, 12,000 లీటర్లకి 1,000. ధర గురించి అంత బేరమాడే మనం నీళ్లు ఎక్కడివని అడగం. అడగండి. ఏ బోరు, ఎక్కడ నింపారు అని. కట్టడాలకి నీళ్లు తోలే ట్యాంకర్‌తో తాగే నీళ్లు తెప్పించుకోకండి. దింపే ముందు ఒక బకెట్ పట్టి చూడండి. పైపు మూతి రోడ్డు మీద ఈడ్చి తెచ్చి సంప్‌లో ముంచుతుంటే ఆపి కడిగించండి. 2025లో జలమండలే సంచారి కావేరి పేరుతో ట్యాంకర్లు బుక్ చేసుకునే ఏర్పాటు మొదలుపెట్టింది. వీలైతే అవే తెప్పించుకోండి.

ట్యాంకర్ దిగిన ప్రతిసారీ సంప్‌లో క్లోరిన్ వేయాలి. వెయ్యి లీటర్లకి 6 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, పైన చెప్పినట్టు తేట మాత్రమే. పైన లెక్కేసిన 6,800 లీటర్ల సంప్‌కైతే సుమారు 40 గ్రాములు. వంటింటి చిన్న త్రాసుతో తూచుకోవచ్చు. అరగంట ఆగి చుక్కల మందుతో చూసి, లేత పసుపు వస్తేనే మోటారు వేయండి. నీళ్లు మురికిగా ఉంటే క్లోరిన్ పని చేయదు, ముందు తేరాలి. మా అవ్వ కుండ లోపల చిల్లగింజ అరగదీసి బురద నీళ్లు తేర్చేది. తేట పడేవి గానీ క్రిములు అలాగే ఉండేవి, అందుకే ఆ తర్వాత కాచేది కూడా.

ఇరవై లీటర్ల క్యాన్ల విషయం త్వరగా చెప్పేస్తాను. మూత మీద సీలు, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉన్నవే కొనండి. ప్యాక్ చేసిన తాగునీటి ప్రమాణం ఐఎస్ 14543 గుర్తు ఉంటే ఇంకా మంచిది. ఎండలో నిలబెట్టిన ఆటోలోంచి దిగే క్యాన్లు వద్దు. నాణెం వేసి పట్టుకునే ఆర్‌ఓ కేంద్రాల నీళ్లు ఎలా ఉన్నా, వారాల తరబడి కడగని క్యాన్‌లో పడితే చెడిపోతాయి. పంపు గొట్టం కూడా వారానికోసారి విప్పి వేడినీళ్లతో కడగాలి.

7. ఇప్పుడు ఫిల్టర్

కావేరి నీళ్లు మాత్రమే వచ్చే ఇంటికి ఆర్‌ఓ అక్కర్లేదు. లవణాలు తక్కువే ఉన్న నీళ్లలోంచి లవణాలు తీసేయడానికి డబ్బులు కట్టి, లీటరుకి రెండు మూడు లీటర్లు పారబోయడం ఈ ఊళ్లో నాకు మనసొప్పదు. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓ వాడకం ఆపాలని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా చెప్పింది. మడ్డి పట్టే ఫిల్టర్, యూవీ (క్రిముల్ని చంపే అతినీలలోహిత వెలుగు) ఉన్న మిషన్ చాలు. నీళ్లు మసకగా ఉంటే యూవీ వెలుగు లోపలిదాకా పోదు కాబట్టి ముందు ఫిల్టర్ ఎప్పటికప్పుడు మార్చాలి.

బోరు, ట్యాంకర్ నీళ్లకి ల్యాబ్ రిపోర్టులో నైట్రేట్, ఫ్లోరైడ్, టీడీఎస్ ఎక్కువ వస్తే ఆర్‌ఓ కావాలి. యూవీ వాటిని తీయలేదు. వదిలేసే నీళ్లు బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడుకోండి. మొక్కలకి పోస్తే ఉప్పు పేరుకుని మొక్కలు దెబ్బతింటాయి.

ఏ మిషన్ కొన్నా దాని లోపలి డబ్బాలో రోజుల తరబడి నిలవున్న నీళ్లు తాగకండి. ఊరెళ్లి వచ్చాక మొదటి రెండు డబ్బాలు వదిలేయండి. పళ్లు తోముకోవడానికీ, పచ్చిగా తినే కూరగాయలు కడగడానికీ కూడా మిషన్ నీళ్లే వాడండి. బాత్రూమ్‌లో ఒక సీసా పెట్టడం మా ఇంట్లో ఆ జబ్బు నేర్పిన అలవాటు.

మిషన్ కొనలేని పరిస్థితి అయితే కాచిన నీళ్లు దేనికీ తక్కువ కాదు. సలసల మరిగాక ఒక నిమిషం ఉంచి దించండి. సుమారు 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అయినా క్రిములు చావడానికి ఆ వేడి సరిపోతుంది. పీజీల్లో ఉండే పిల్లలు ఎలక్ట్రిక్ కెటిల్‌తోనే ఈ పని చేసుకోవచ్చు. పీజీ హాల్లో ఉండే మిషన్‌కి ఫిల్టర్ ఎప్పుడు మార్చారో అడగండి. తేదీ చెప్పలేకపోతే కెటిల్ నీళ్లే తాగండి.

8. నీళ్లు హఠాత్తుగా చెడితే

వాసన వచ్చినా, సీసా నల్లబడినా, అపార్ట్‌మెంట్‌లో రెండు మూడు ఇళ్లలో ఒకేసారి విరేచనాలు మొదలైనా, ముందు సంప్‌లోకి వచ్చే వాల్వ్, మోటారు రెండూ ఆపించండి. అందరికీ చెప్పండి. కాచిన నీళ్లు తప్ప ఏవీ తాగొద్దు. విరేచనాలైనవాళ్లకి ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. పసిపిల్లలు, ముసలివాళ్లు నీరసపడితే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరుతో "మా బిల్డింగ్‌లో ఇంకా కొందరికి వచ్చింది" అన్న మాట తప్పక చెప్పండి.

సంప్ కడిగేయకముందే నమూనా పట్టి ఉంచాలి. మేం కంగారులో ముందు కడిగించేసి, తర్వాత ల్యాబ్‌కి ఏం ఇవ్వాలో తెలియక తెల్లమొహం వేశాం.

మీటర్ దగ్గర నీళ్లే చెడ్డవని తేలితే జలమండలి 1916కి ఫోన్ చేయండి. "నీళ్లు బాలేవు" అని చెప్తే లాభం లేదు. ఏ వీధి, ఎన్నో క్రాస్, ఎన్నింటికి వదిలారు, మొదటి ధార నుంచే వాసన ఉందా, పక్కింట్లో కూడా ఉందా, క్లోరిన్ రంగు వచ్చిందా, ఆర్ఆర్ నంబర్ ఎంత, ఇవన్నీ కాగితం మీద పెట్టుకుని చెప్పండి. ఫిర్యాదు నంబర్ రాసుకోండి. పక్కిళ్లవాళ్ల చేత కూడా చేయించండి. ఒకే వీధి నుంచి ఐదు ఫిర్యాదులు వస్తే లైను తవ్వి చూస్తారు. నీళ్లు వదిలే వాల్వ్‌మన్‌ని కలవండి. ఏ మలుపులో పైపు, మురుగు కాలువ కలిసిపోతాయో ఆఫీసులో కన్నా ఆయనకే బాగా తెలుసు.

లైను బాగుచేశాక వచ్చే మొదటి రెండు విడతల నీళ్లు మొదటి అరగంట బయటికే వదలండి. సంప్ కడిగి, బ్లీచింగ్ చేసి, నింపి, మీటరు దగ్గర ఒక సీసా, సంప్‌లో ఒకటి, కుళాయి దగ్గర ఒకటి పట్టి ఫ్రిజ్ మీద పెట్టండి. 48 గంటలు గడిచి మూడు సీసాలూ రంగు మారకపోతే, అప్పుడు కాచడం మానేయొచ్చు.